విశాఖ వెళితే ముందు కొండెక్కండి

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకి విశాఖపట్నం వెళ్దామనుకుంటున్నవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారట. వాళ్ళకి మా ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను పుట్టింది, పెరిగింది విశాఖ వన్ టౌన్‌లో, అంటే పాతఊళ్ళో. ముప్పై రెండేళ్ళు అక్కడే హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఏ హోటల్లో దిగాలి, టిఫిన్ ఎక్కడ బాగుంటుంది అన్నవి మీ ఫోన్లో దొరుకుతాయి. అక్కడ దొరకని సంగతి ఒకటుంది. అది చెప్పడానికే వచ్చాను.

విశాఖ వెళ్ళొచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి. బీచ్ చూశాం, సబ్‌మెరైన్ ఎక్కాం, కైలాసగిరి మీద ఫోటోలు దిగాం, అరకు వెళ్ళొచ్చాం అంటారు. అన్నీ చూడదగ్గవే, కాదనను. కాని ఒక్క విషయం ఆలోచించండి. ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. మచిలీపట్నంలోనూ అదే బంగాళాఖాతం, కాకినాడలోనూ అదే, నెల్లూరు జిల్లాలోనూ అదే. అంత తీరంలో ఈ ఒక్కచోటే ఇంత పెద్ద ఊరు ఎందుకు పెరిగింది? ఓడలు ఇక్కడికే ఎందుకొచ్చాయి? నౌకాదళం ఇక్కడే ఎందుకు స్థిరపడింది? అన్నిటికీ జవాబు ఒకటే. కొండలు. మిగతా జిల్లాల్లో తూర్పు కనుమలు సముద్రానికి చాలా దూరంగా, ఎక్కడో పడమట నడుస్తాయి. విశాఖ దగ్గర మాత్రం తిన్నగా నీళ్ళలోకే దిగిపోయాయి. ఊరిని కట్టింది ఆ కొండలు. మనం మాత్రం వాటికి వీపు తిప్పి సముద్రం చూసి వచ్చేస్తాం.

అందుకని నా సలహా ఏమిటంటే, మొదటి రోజు పొద్దున్నే బీచ్‌కి పోకండి. యారాడ కొండెక్కండి.

సింధియా అనే పేట వైపు నుంచి ఘాట్ రోడ్డు పైకి వెళుతుంది. కొండ కొసనే డాల్ఫిన్స్ నోస్ అంటారు. దూరం నుంచి చూస్తే నీళ్ళలోకి మూతి చాపిన చేపలాగే ఉంటుంది. ఆ కొస చాలావరకు నేవీ చేతిలో ఉంది కాబట్టి అన్నిచోట్లకీ పోనివ్వరు. అక్కర్లేదు కూడా. ఘాట్ రోడ్డు ఎత్తుకి చేరాక బండి పక్కకి ఆపి ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. కాళ్ళ కింద సన్నటి కాలవలాంటి దారి కనిపిస్తుంది. అదే హార్బర్ ముఖద్వారం. ఓడ వస్తుంటే ముందొక టగ్గు, వెనకొక టగ్గు, మధ్యలో అంత పెద్ద ఓడ మెల్లగా కొండ పాదం పక్కనుంచే లోపలికి జరుగుతుంది. ఆ కాలవకి అవతలి ఒడ్డు మా వన్ టౌన్. దాని వెనక ఊరంతా గరిటెలో పోసినట్టు ఉంటుంది. గరిటెకి ఆ అంచు సింహాచలం కొండల వరస, ఈ అంచు మీరు నిలబడ్డ యారాడ కొండ. ఒక పక్క మాత్రమే తెరిచి ఉంది, సముద్రం వైపు.

ఇప్పుడు ఇటు తిరగండి. యారాడ ఊరు కనిపిస్తుంది. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం. కొబ్బరి చెట్లు, ఇసుక. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. నగరం లేకముందు ఈ తీరం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి యారాడ పనికొస్తుంది.

కొండకీ ఓడలకీ సంబంధం ఏమిటో చెప్తాను. మన తూర్పు తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం వైపు నుంచి వస్తాయి. వస్తూ వస్తూ ఒడ్డున ఉన్న ఇసుకని ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. అందుకే ఈ తీరంలో ఎక్కడ కాలవ తవ్వినా ఇసుక పూడ్చేస్తుంది. డాల్ఫిన్స్ నోస్ ఆ కెరటాలకి అడ్డంగా గోడలా నిలబడింది. దాని వెనక ఆటుపోట్ల నీళ్ళు నిండే చిత్తడి నేల, మేఘాద్రిగెడ్డ అనే వాగు వచ్చి కలిసే చోటు. చూసే కళ్ళకి అదొక బురద. ఇంజనీర్లకి మాత్రం అందులో రేవు కనిపించింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ బురదని తవ్వించి హార్బర్ చేసింది. మధ్య పరగణాల మాంగనీసు బయటికి పోవడానికి వాళ్ళకి దగ్గరలో ఒక రేవు కావాలి. ఇసుకని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలని సముద్రంలో ముంచి అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ మొదటిసారి లోపలికొచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి రేవుని అధికారికంగా ప్రారంభించాడు.

మా నాన్నగారు హార్బర్‌లో టాలీ గుమాస్తా. ఓడలోంచి దిగే బస్తాలు లెక్క రాసుకోవడం ఆయన పని. ఇంటి మేడ మీంచి చూసి ఏ ఓడ లోపలికొస్తోందో చెప్పేవారు. ఓడ పూర్తిగా కనిపించేది కాదు, ఇళ్ళ కప్పుల మీదుగా పొగగొట్టం ఒక్కటే కదులుతూ ఉండేది. చిన్నప్పుడు నాకు ఓడలు వీధుల్లో నడుస్తాయనే ఉండేది. వన్ టౌన్‌లో ఇవాళ్టికీ కొన్ని సందుల్లోంచి చూస్తే అలాగే అనిపిస్తుంది. వీలైతే ఒక సాయంత్రం ఆ సందుల్లో తిరగండి.

అక్కడే మూడు చిన్న కొండలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా వలీ దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్న కొండని రాస్ కొండ అంటారు. 19వ శతాబ్దంలో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆ పేరు నిలిచిపోయింది. నేను ఆ మూడింటి కింద పెరిగాను. పొద్దున్న సుప్రభాతం, అజాన్, చర్చి గంట ఒకదాని తర్వాత ఒకటి వినిపించేవి. మా అమ్మ బియ్యం ఎప్పుడు పడేయాలో వాటిని బట్టే చూసుకునేది. అంతకంటే పెద్ద మాటలు దాని గురించి నేను చెప్పను. మూడు కొండలూ ఎక్కండి. మూడింటి మీంచి కనిపించేది ఒకే కాలవ, అవే ఓడలు.

కొండలు మేలు మాత్రమే చేశాయని చెప్పడం లేదు. గరిటె లోపలి గాలి తొందరగా బయటికి పోదు. ఓడలకి ఎక్కేదీ దిగేదీ బొగ్గు, ఇనుప ఖనిజం. దాని పొడి పాతఊరి కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. పిల్లల ఊపిరి గురించి అక్కడి తల్లులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్ళ మాట నిజం. యాత్రకి వెళ్ళేవాళ్ళకి ఇది ఎందుకంటారేమో. మీరు కొండమీంచి మెచ్చుకునే హార్బర్ కింద ఉన్న ఇళ్ళలో ఎలా బతుకుతున్నారో తెలియాలి కదా.

బీచ్ సంగతికొస్తాను. ఆర్కే బీచ్ అంటే రామకృష్ణా బీచ్, అక్కడి రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చిన పేరు. పొద్దున్నే వెళ్ళండి, ఆ వేళ బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, జనం రోడ్డు నడిమధ్యన నడుస్తూంటారు. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. సూర్యాస్తమయం చూడ్డానికి సాయంత్రం బీచ్‌కి పోయేవాళ్ళకి ఒక మాట. అక్కడ సూర్యుడు కొండల వెనక దిగుతాడు. ఇసుక మీద నీడ ముందే పడిపోతుంది, నీళ్ళు మాత్రం ఇంకా కాసేపు వెలుగుతూ ఉంటాయి. ఆ పది నిమిషాలూ చాలా బాగుంటుంది. చేతిలో ముంత మసాలా పెట్టుకుని సముద్రానికి వీపు చేసి కూర్చోండి, ఊరి మీద నుంచి కొండల వరస ఎలా నల్లబడుతుందో చూడండి.

ఇందాక ఇసుక ఉత్తరానికి నడుస్తుందన్నాను కదా. హార్బర్ గోడలు కట్టాక ఆ నడక ఆగింది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావలసిన ఇసుక రావడం లేదు. కెరటాలు ఉన్న ఇసుక కోసుకుపోతున్నాయి. అందుకని హార్బర్ దగ్గర పోగైన ఇసుకని డ్రెడ్జర్‌తో తీసి బీచ్ మీద పోస్తూంటారు. మీ పిల్లలు గూళ్ళు కట్టే ఇసుకలో కొంత అలా మనుషులు మోసుకొచ్చి పోసిందే.

ఆ ఇసుకని కాస్త చేతిలోకి తీసుకుని చూడమంటాను. కెరటం వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక మీద నల్లటి చారలు, ముదురు ఎరుపు చారలు మిగులుతాయి. మా స్కూలు పిల్లల్ని ఏటా తీసుకెళ్ళి ఒక పని చేయించేవాణ్ణి. అయస్కాంతానికి కాగితం చుట్టి ఆ చారల మీద తిప్పమనేవాణ్ణి. నల్ల రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని కాగితానికి అంటుకునేవి. ఎర్రవి అంటుకోవు, అవి గోమేదికం జాతి రాయి, గార్నెట్. తర్వాత ఒడ్డున ఉన్న బండల దగ్గరికి తీసుకెళ్ళి, ఈ ఎర్ర రేణువులు ఎక్కడివో వెతకమనేవాణ్ణి. పది నిమిషాల్లో ఎవరో ఒకరు అరిచేవారు, “మేష్టారూ, బండలో ఉన్నాయి!” అని. నిజమే, కొండరాయిలోనే కందిగింజంత ఎర్రటి మచ్చలు పొదిగి ఉంటాయి. ఆ రాయిని ఖోండలైట్ అంటారు, తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారు. కొండ అరిగి అరిగి బీచ్ అయిందని పుస్తకంలో చదివితే మర్చిపోతారు. ఆ మచ్చ చేత్తో తడిమిన పిల్లలు పాతికేళ్ళ తర్వాత కనిపించినా నాతో అదే మాట్లాడతారు. మీ పిల్లలకీ చూపించండి. జేబులో పట్టే అయస్కాంతం చాలు.

ఇక్కడ మాత్రం నా మాట గట్టిగా వినాలి. నీళ్ళలోకి దిగకండి. ఆర్కే బీచ్‌లో గాని, యారాడలో గాని పాదాలు తడుపుకోవడం వరకే. అక్కడ ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, నాలుగడుగులు వేస్తే లోతు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ ఒక సన్నటి దారి చేసుకుని వెనక్కి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. పైకి చూస్తే ఆ చోట కెరటాలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. జనం సరిగ్గా అక్కడే దిగుతారు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఇంజనీరింగ్ సీటొచ్చిందని స్నేహితులతో వెళ్ళి అలాగే పోయాడు. ఈత వచ్చు వాడికి. లాగేసినప్పుడు ఒడ్డు వైపు ఈదితే బలం అయిపోతుంది, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ ప్రవాహంలోంచి బయటపడాలి. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తర్వాత పదవీ విరమణ చేసేదాకా ప్రతి క్లాసులోనూ చెప్పాను, ఇవాళ మీకూ చెప్తున్నాను. స్నానం చేయాలనిపిస్తే రుషికొండ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉన్న వేళ, వాళ్ళు చూపించిన హద్దులో చేయండి.

సముద్రం మీద బతికేవాళ్ళ దగ్గర కూడా కొండల మాటే వింటాం. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్తే వంజరం, చందువ, కోనం, సొర, బుట్టల కొద్దీ నెత్తళ్ళు, వేలంపాట అరుపులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ వెళ్తే కట్టేసిన బోట్లు చూసి రావాలి. జాలరిపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కొడుకులు జీపీఎస్ చూసి వల దించుతారు, ఆయన కొండలు చూసి దించేవాడు. ఎలాగని అడిగాను. ఒడ్డు మీద కూర్చుని రెండు చేతులూ చాపి చూపించాడు.

“ఇదిగో మేష్టారూ, ఇది ముందు కొండ. ఇది ఎనక కొండ. తెప్ప మీద పోతా ఉంటే ముందు కొండ ఎనక కొండని కప్పెత్తాది. అది ఒక గురుతు. అలాగే ఇంకో పక్కన ఇంకో రెండిటిని సూసుకోవాల. రెండు గురుతులూ ఒకేపాలి కుదిరితే అక్కడే రాయి ఉంటాది. రాయి కాడే సేప.”

అంటే సముద్రం అడుగున ఉన్న బండని, ఒడ్డు మీద ఉన్న నాలుగు కొండల్ని బట్టి పట్టుకుంటాడు. నేను బోర్డు మీద సుద్దతో గీసి చెప్పే అక్షాంశాలు, రేఖాంశాల పాఠం అదే కదా. బడికి పోని మనిషి చేతుల్లో చూశాను. మంచు పడితే ఏం చేస్తారని అడిగితే, “ఇంటికాడ ఉంటాం” అన్నాడు. కొండలు కనపడకపోతే వాళ్ళకి సముద్రంలో దారి లేదు.

ఊళ్ళో తిరిగేటప్పుడు పేటల పేర్లు వినండి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ చెప్తే ఏమనుకోకండి. సీతమ్మధార, మాధవధార. ధార అంటే కొండ మీంచి పడే నీళ్ళు. మేఘాద్రిగెడ్డ, ఎర్రిగెడ్డ. ఉత్తరాంధ్రలో కొండవాగుని గెడ్డ అంటాం. హనుమంతవాక. వాక అంటే ఏరు. ముడసర్లోవ. రెండు కొండల నడిమి పల్లాన్ని లోవ అంటాం. ధార, గెడ్డ, వాక, లోవ. ఇవాళ ఆ పేర్లు సిటీబస్సు స్టాపులు, అపార్ట్‌మెంట్ల చిరునామాలు. కాని ఒక్కో పేరులో కొండ నుంచి సముద్రానికి పోయే నీళ్ళ దారి ఉంది. పెద్ద వాన కురిసిన రోజున ఏ వీధి మునుగుతుందో చెప్పడానికి చాలాసార్లు ఆ పేరే చాలు. ఊరు ఆ దారుల మీద ఇళ్ళు కట్టుకుంది, నీళ్ళకి మాత్రం పాత దారే గుర్తుంది.

కొండ మీద నీళ్ళ విలువ రెండు వేల ఏళ్ళ కిందటే తెలిసినవాళ్ళు ఉన్నారు. భీమిలి దారిలో తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువుల ఆరామం ఉంది. నేవీవాళ్ళు 1976లో ఆ కొండని సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వింది. స్తూపం పునాదులు, భిక్షువుల గదులు, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఎక్కడి రోమ్, ఎక్కడి మంగమారిపేట కొండ! ఓడలెక్కి వచ్చిన వర్తకులు ఆ కొండకి దండం పెట్టుకుని కానుక ఇచ్చి ఉంటారని నాకనిపిస్తుంది. కాని తొట్లకొండ అన్న పేరు స్తూపం వల్ల రాలేదు. బండలో తొలిచిన నీళ్ళ తొట్ల వల్ల వచ్చింది. వానాకాలంలో నీళ్ళు పట్టి దాచుకునేవారు. దగ్గర్లోనే బావికొండ, అక్కడ బావుల్లాంటి గుంటలు. సముద్రం అంత దగ్గర ఉన్నా గొంతు తడవాలంటే బండని తొలచాల్సిందే. ఆ తొట్టి అంచున కూర్చోండి. ముందు కింద చూడండి, పాచిపట్టిన పిడికెడు వాన నీళ్ళు ఉంటాయి. తల ఎత్తితే అవధి లేని సముద్రం.

ఇప్పుడు సింహాచలం. కులోత్తుంగ చోళుడి కాలపు 1098 శాసనం ఉంది, శ్రీకృష్ణదేవరాయలు 1516లోనూ 1519లోనూ వచ్చి కానుకలిచ్చాడు. ఇవాళ కనిపించే గుడి చాలావరకు తూర్పు గాంగుల రాజు నరసింహదేవుడి నాటిది, 13వ శతాబ్దం. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది గిరిప్రదక్షిణ.

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు మధ్యాహ్నం నుంచి కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం నడక మొదలుపెడతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రానికి చేరతారు. అక్కడ సముద్ర స్నానం. తిరిగి ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ పాదానికి. మొత్తం 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, రాత్రంతా. నేను పదకొండుసార్లు చేశాను. సముద్రం దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతుంది, అరికాళ్ళు మండుతుంటాయి, ఉప్పునీళ్ళు తగలగానే ప్రాణం లేచొస్తుంది. దారిపొడుగునా వీధివాళ్ళు మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పట్టుకుని నిలబడి “తీసుకోండి తల్లీ, తీసుకోండి బాబూ” అని బతిమాలతారు. మొదటిసారి మా నాన్నగారితో నడిచినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మాధవధార దగ్గర నిద్ర ఆపుకోలేక ఆయన భుజానికి ఆనుకుని నడిచాను. “కొండ ఎటుంది నాన్నా” అని అడిగితే “ఇందాకటి నుంచీ నీ ఎడమ పక్కనో కుడి పక్కనో ఉంటూనే ఉంది, దాని చుట్టూ తిరుగుతున్నాం కదా” అన్నారు. ప్రదక్షిణ అంటే కొండ కుడి పక్కనే ఉండాలి. ఆయనకీ నిద్రమత్తే. తెల్లారి నేను అది చెప్తే చాలా సేపు నా తల నిమిరారు. పెద్దయ్యాక అర్థమైంది, ఊరి ఆకారం నాకు మ్యాప్‌లో కాదు, ఆ రాత్రి కాళ్ళకి తెలిసింది. ఆషాఢంలో వెళ్ళగలిగితే తప్పకుండా నడవండి. సగమైనా సరే.

2014 అక్టోబరు 12 గురించి ఒక్క మాట. హుద్‌హుద్ తుఫాను సరిగ్గా ఊరి మీదే తీరం దాటింది. మర్నాడు పొద్దున తలుపు తీసి కైలాసగిరి వైపు చూస్తే పచ్చదనం లేదు. కొండలన్నీ నిప్పంటించినట్టు గోధుమరంగులో మిగిలాయి, చెట్టు మీద ఆకు లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళకి బిందెలతో క్యూలు. అన్ని కష్టాల్లోనూ నేను చూసిన ప్రతివాడూ కొండల గురించే బాధపడ్డాడు. మళ్ళీ వానలు పడి చిగురు కనిపించిన వారం ఊళ్ళో మాటల తీరే మారిపోయింది. అంత ప్రేమ ఉన్న ఊళ్ళో కొండని తొలిచి మట్టి తోలుకుపోతుంటే చూసి ఊరుకోవడం నాకు మింగుడుపడదు. రుషికొండ రూపం ఎలా మారిందో మీరు వెళ్ళినప్పుడు చూస్తారు. చెట్టు పోతే చిగురేస్తుంది. కొండ పోతే అంతే.

ఇక్కడ ఒకరు అడుగుతున్నారు... గట్టిగా చెప్పండమ్మా. “రెండు రోజులే ఉంటే అరకు పెట్టుకోవాలా, వద్దా?” అంటున్నారు. మంచి ప్రశ్న. రెండు రోజులే అయితే అరకు వద్దు. ఊళ్ళోనే ఉండండి. మూడు రోజులుంటే వెళ్ళండి, వెళ్ళేటప్పుడు రైలే ఎక్కండి. నవంబరు, డిసెంబరు అయితే వలిసెపూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. జనవరికి చాలావరకు అయిపోతాయి, అది ముందే చెప్తున్నాను.

ఆ రైలు మార్గం కథ కూడా కొండదీ సముద్రానిదే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకి పోయింది. మా నాయనమ్మ ఆ రోజు పొయ్యి మీద అన్నం వదిలేసి బయల్దేరానని చెప్పేది. ఇరవై ఏళ్ళు తిరక్కుండా అదే జపాన్‌కి ఇనుప ఖనిజం కావలసి వచ్చింది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో ఖనిజం ఉంది, విశాఖలో రేవు ఉంది, మధ్యలో తూర్పు కనుమలు. 1960లో ఒప్పందం కుదిరి కొత్తవలస నుంచి కిరండోల్ దాకా లైను వేశారు. మార్గంలో మొత్తం 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఖనిజం ఓడలు మరీ పెద్దవి కావడంతో 1976 నాటికి ఔటర్ హార్బర్ కూడా కట్టారు. మీరు కిటికీలోంచి లోయలు చూస్తుంటే పక్క లైన్లో ఎర్రదుమ్ము పట్టిన గూడ్సు ఎదురొస్తుంది. అది సముద్రానికి పోతోంది.

బొర్రా గుహల దగ్గర దిగండి. సున్నపురాయిని నీళ్ళు తొలిచి చేసిన గుహలు అవి. పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడల కొసన ఒక చుక్క నిలబడి ఉంటుంది. ఎంతసేపు చూసినా పడదు. కళ్ళు తిప్పగానే పడుతుంది. కింద చీకట్లో పారే నది పేరు గోస్తని. ఆవు పొదుగు లాంటి రాతి నుంచి పుట్టిందని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ నది కొండ దిగి తాటిపూడి దగ్గర జలాశయంలో నిలుస్తుంది. విశాఖ తాగే నీళ్ళలో తాటిపూడి నీళ్ళూ ఉన్నాయి. హోటల్ గదిలో మీరు మొహం కడుక్కున్న నీళ్ళు బొర్రా గుహల్లోంచి వచ్చినవి కావచ్చు. తాటిపూడి దాటాక గోస్తని పల్లానికి దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

కాబట్టి ఆఖరి రోజు భీమిలికి పెట్టుకోండి. డచ్చివాళ్ళ పాత సమాధులు చూడండి, నల్లబడిన రాళ్ళ మీద వాళ్ళ భాషలో చెక్కిన అక్షరాలు ఇంకా చదవడానికి వస్తాయి. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగితే అంచుల మీదికి ఎక్కకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి, పాదం పెడితే జారిపోయే ఇసుక అది. సాయంత్రానికి గోస్తని సముద్రంలో కలిసే చోటుకి వెళ్ళండి. అక్కడ నిలబడి ఒక చేత్తో నది నీళ్ళు, ఒక చేత్తో సముద్రం నీళ్ళు ముట్టుకోవచ్చు.

విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఆర్టీసీ బస్సులు వెళ్తాయి. బస్సు రాగానే అందరూ కుడి పక్క కిటికీల కోసం తోసుకుంటారు, సముద్రం అటే కదా. మీరు ఎడమ పక్కన కూర్చోండి. సీట్లు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి.